ఆర్కేనమ్ ఆడటం ఎలా: ముల్లు ఎటు వాలాలో ముందే తేల్చుకోండి

ఆర్కేనమ్ అనే కంప్యూటర్ ఆట మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది పదో లెవెల్ చుట్టుపక్కల ఆపేస్తారు. ఆట కష్టమై కాదు. నాలుగు మంత్రాలు, ఒక తుపాకీ, రెండు మందుల తయారీలు, కాస్త తాళాలు తీయడం, ఇలా కనిపించినదల్లా నేర్చుకుంటూ పోతారు. చివరికి మంత్రం పనిచేయదు, తుపాకీ పేలదు. ఈ ఆటలో అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఒక్కటే: మంత్రం, యంత్రం ఒకే ఒంట్లో ఇమడవు.

2001లో ట్రాయికా గేమ్స్ తయారు చేయగా సియెర్రా విడుదల చేసిన ఆట ఇది. ట్రాయికాను పెట్టిన టిమ్ కెయిన్, లెనార్డ్ బొయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ ముగ్గురూ అంతకుముందు ఫాల్అవుట్ అనే ఆట మీద పనిచేసిన వాళ్ళే. ఎల్ఫులు, మరుగుజ్జులు, మాంత్రికులు ఉన్న లోకంలోకి ఆవిరి యంత్రాలు, రైళ్ళు, తుపాకులు వచ్చిపడితే ఏమవుతుందన్నది ఆట. పాతది కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇంజనీరింగ్ చదువు కోసం కొన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ముందు ఆటను సరిగ్గా ఎక్కించండి

ఆటలు అమ్మే స్టీమ్, గాగ్ సైట్లు రెండింటిలోనూ దొరుకుతుంది. ఏదైనా ఒకటే. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన కాపీ మాత్రం వద్దు. అందులో ఏదో ఒక ఫైలు లేకపోతే తర్వాత వేసే ప్యాచ్ (తప్పులు దిద్దే ఫైళ్ళ మూట) సగంలో ఆగిపోతుంది, తప్పు ఎక్కడుందో మీకు అంతుపట్టదు.

1. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో కాకుండా సి లేదా డి డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులో ఎక్కించండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే ఆట తన సేవ్ ఫైళ్ళు రాసుకోవడానికి విండోస్ అడ్డుపడవచ్చు.

2. ఆట తెరవకముందే అభిమానులు తయారు చేసిన అనధికారిక ప్యాచ్ వేయండి. డ్రాగ్ బ్లాక్ టూత్ అనే పేరుతో ఒకాయన ఏళ్ళ తరబడి దిద్దుతూ వచ్చిన ప్యాచ్ అది. తెగిపోయిన క్వెస్టులు (ఆటలో అప్పగించే పనులు), తప్పు లెక్కలు వందల్లో సరిచేశాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ భాగాలు కావాలని అడుగుతుంది. మొదటిసారి ఆడేవాళ్ళు తప్పులు దిద్దే భాగం, హై రిజల్యూషన్ భాగం, ఈ రెండూ తీసుకుంటే చాలు. లెవెల్ పరిమితి తీసేసే భాగం ఇప్పుడు వద్దు, దానితో ఆట తూకం చెడుతుంది.

3. అసలు ఆట 800×600లో తయారైంది. హై రిజల్యూషన్ ఫోల్డర్లో ఉండే కాన్ఫిగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి విడ్త్, హైట్ దగ్గర మీ స్క్రీన్ అంకెలు వేయండి. 1920×1080లో బొమ్మలు మరీ చిన్నవిగా కనిపిస్తాయి. 15 అంగుళాల ల్యాప్‌టాప్ మీద 1366×768 కళ్ళకు హాయిగా ఉంటుంది.

4. రంగులు చెదిరినా, తెర నల్లగా ఉండిపోయినా షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చివర ఒక ఖాళీ వదలండి. తర్వాత ఇంగ్లిష్‌లో మైనస్ గుర్తు, ఎన్, ఓ, అంకె 3, డి అనే అక్షరం: మొత్తం అయిదింటినీ మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి. పాత త్రీడీ పద్ధతిని వదిలేసి ఆట మామూలుగా తెరుచుకుంటుంది.

సేవ్ ఫైళ్ళు ఆట ఫోల్డర్లో మాడ్యూల్స్, అందులో ఆర్కేనమ్, అందులో సేవ్ అనే చోట పడతాయి. వారానికి ఒకసారి ఆ ఫోల్డర్‌ను ఇంకోచోటికి కాపీ చేసుకోండి.

మన ఊళ్ళల్లో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి ఎండ. ఇలాంటి పాత ఆటలు ప్రాసెసర్లో ఒక కోర్‌ను తెరిపి లేకుండా తిప్పుతాయి. ఏప్రిల్ మధ్యాహ్నం మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే గంటలో ఫ్యాను గోల మొదలవుతుంది, ఆట నత్తనడక నడుస్తుంది. కడప బండల నేల మీదో, బల్ల మీదో పెట్టి వెనక భాగం కింద రెండు పెన్నులు అడ్డంగా ఉంచండి. గాలి ఆడుతుంది. రెండోది కరెంటు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే ప్రతి మాటామంతీకి ముందు, ప్రతి తలుపు తీసే ముందు సేవ్ చేయండి. ఒకే సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాయకండి. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు పాడవుతుంది, అందుకని మూడు సేవ్‌లు మార్చి మార్చి వాడండి.

మీటర్ లెక్క

పాత్ర వివరాల తెరలో ఒక మీటర్ ఉంటుంది. మధ్యలో సున్నా, ఒక కొన మంత్రానికి 100, ఇంకో కొన యంత్రానికి 100. మంత్రం కొన్న ప్రతిసారీ ముల్లు మంత్రం వైపు జరుగుతుంది. యంత్రవిద్యలో ఒక మెట్టు ఎక్కినా, తుపాకీ, తాళాలు, రిపేరు, ఉచ్చులు విప్పడం అనే నాలుగు సాంకేతిక నైపుణ్యాల్లో పాయింటు పెట్టినా యంత్రం వైపు జరుగుతుంది.

ఎందుకిలా అంటే, ఆ లోకంలో యంత్రం ప్రకృతి నియమం మీద నడుస్తుంది, మంత్రం ఆ నియమాన్నే వంచుతుంది. ఒకటి బలంగా ఉన్నచోట రెండోది వీగిపోతుంది. ఇది కథ కోసం చెప్పిన మాట కాదు, ఆటలో అడుగడుగునా లెక్క కడతారు. ముల్లు మంత్రం వైపు బాగా వాలితే మీ మంత్రాలు పదునెక్కుతాయి, మంత్రపు కత్తులు పూర్తి బలంతో పనిచేస్తాయి. అదే మనిషి చేతిలో తుపాకీ మొరాయిస్తుంది. ముల్లు యంత్రం వైపు వాలిన వాడి మీద శత్రువు మంత్రం సరిగ్గా పట్టదు. మంచిదే. కానీ మీ పక్కవాడు చేసే వైద్య మంత్రం కూడా పట్టదు.

టారంట్ నగరం రైల్వే స్టేషన్‌లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మంత్రశక్తి బాగా ఎక్కువైన వాణ్ణి రైలు ఎక్కనివ్వరు, ఇంజన్ చెడుతుందని భయం. గుంతకల్లు జంక్షన్లో ఒక్క బండి ఆగితే వెనక ఎన్ని బండ్లు నిలిచిపోతాయో తెలిసిన వాళ్ళకు ఆ స్టేషన్ వాళ్ళ జాగ్రత్త తప్పనిపించదు.

ఇప్పుడు పాయింట్ల సంగతి. మొదట్లో 5 పాయింట్లు చేతికిస్తారు. తర్వాత లెవెల్‌కు ఒకటి, ప్రతి అయిదో లెవెల్‌కు అదనంగా ఇంకొకటి. లెవెల్ 50 దగ్గర ఆగిపోతుంది. అంతా కలిపితే అరవై చిల్లర. కొనడానికేమో 16 శాఖల్లో అయిదేసి చొప్పున 80 మంత్రాలు, 8 యంత్రవిద్యల్లో ఏడేసి చొప్పున 56 మెట్లు, 16 నైపుణ్యాలు, వీటన్నిటికీ ఆధారమైన 8 గుణాలు ఉన్నాయి. గుణమైనా మంత్రమైనా మెట్టయినా ధర ఒకటే, ఒక పాయింటు. పైగా పై మంత్రాలకు విల్‌పవర్ (మనోబలం), పై యంత్రవిద్యలకు తెలివి 20 దరిదాపులకు చేరాలి. మనిషి జాతిలో ప్రతి గుణం 8 దగ్గర మొదలవుతుంది. అంటే ఒక్క గుణాన్ని శిఖరానికి తీసుకెళ్ళడానికే పన్నెండు పాయింట్లు పోతాయి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి ఇక మిగిలేదేముంది?

పాత్రను తయారు చేయడం

మొదటిసారి ఆడేవాళ్ళు మనిషి జాతినే ఎంచుకోండి. మరుగుజ్జుకు పుట్టుకతోనే యంత్రం వైపు మొగ్గు, ఎల్ఫుకు మంత్రం వైపు మొగ్గు. దారి ముందే తేల్చుకున్న వాళ్ళకు అది లాభం. మరుగుజ్జుతో మంత్రాలు మాత్రం మొదలుపెట్టకండి, ప్రతి మంత్రానికీ రెట్టింపు అలసట. స్త్రీ పాత్ర కావాలంటే మనిషి, ఎల్ఫు, సగం ఎల్ఫు, సగం ఓర్క్ జాతుల్లోనే వీలవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వ కథ) అని ఒక జాబితా వస్తుంది. ఒక్కొక్కటీ ఒక చేత ఇచ్చి ఇంకో చేత తీసుకుంటుంది. ఏమీ ఎంచుకోకపోయినా నష్టం లేదు.

తెలివిని 4కి దించితే పాత్ర నత్తినత్తిగా, తప్పుల తడకగా మాట్లాడుతుంది, చాలా క్వెస్టులు తెరుచుకోవు. రెండోసారి ఆడేటప్పుడు చూడండి.

మొదటి 5 పాయింట్లకు మూడు దారులు చెబుతాం.

మంత్రం దారి: బ్లాక్ నెక్రోమాంటిక్ శాఖలో హార్మ్ 1, విల్‌పవర్‌కు 3, పర్సుయేషన్‌కు (మాటలతో ఒప్పించడం) 1. హార్మ్ ఒక్కటే మొదటి పదిహేను లెవెల్స్ మోస్తుంది. చవకైన మంత్రం, గురి తప్పదు. విల్‌పవర్ పెరిగితే అలసట తట్టుకునే శక్తీ పెరుగుతుంది. తర్వాత కన్వేయన్స్ శాఖ వైపు వెళ్ళండి. రెండో మంత్రంతో తాళాలు తెరుచుకుంటాయి, అయిదోది టెలిపోర్టేషన్. అది వస్తే తెలిసిన ఊరికి క్షణంలో వెళ్ళిపోవచ్చు. రైలు ఎక్కనివ్వలేదన్న దిగులు అక్కడితో తీరుతుంది.

యంత్రం దారి: ఎక్స్‌ప్లోజివ్స్ (పేలుడు సామాను) 1, హెర్బాలజీ (మూలికలు) 1, త్రోయింగ్ (విసరడం) 1, తెలివికి 2. తుపాకీతో మొదలుపెట్టకపోవడమే ఇందులో కిటుకు. మొదట్లో దొరికే తుపాకులు బలహీనం, తూటాలు ఖరీదు. ఎక్స్‌ప్లోజివ్స్ మొదటి మెట్టులో మోలటోవ్ కాక్‌టెయిల్ చేయడం వస్తుంది. ఒక ఇంధనం సీసా, ఒక గుడ్డపేలిక కలిపితే ఒక అగ్గిసీసా. గుంపు మీద వేస్తే అందరికీ తగులుతుంది. మీ వాళ్ళు ఆ గుంపులో ఉంటే వాళ్ళకూ తగులుతుంది, అందుకని వాళ్ళు కలబడకముందే విసరండి. హెర్బాలజీ మొదటి మెట్టులో గింకా వేరు, కడూరా కాండం కలిపి గాయాల లేపనం చేస్తారు. మీకు వైద్య మంత్రాలు సరిగ్గా పట్టవు కాబట్టి అది ఎప్పుడూ పది తగ్గకుండా ఉండాలి. తుపాకీ తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు పర్సెప్షన్ (చూపు పదును) పెంచండి. గురి దాని మీదే ఆధారపడుతుంది, చాలామంది డెక్స్‌టెరిటీ (ఒంటి చురుకు) పెంచి మోసపోతారు.

కత్తి దారి: డెక్స్‌టెరిటీకి 2, మెలీకి (దగ్గరి పోరు) 2, డాడ్జ్‌కు (దెబ్బ తప్పించుకోవడం) 1. ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. ఆట నేర్చుకోవడానికి ఇదే అన్నిటికన్నా సులువు. నైపుణ్యం ప్రతి అంచెకూ ఆధార గుణం అంత ఎత్తులో ఉండాలి కాబట్టి డెక్స్‌టెరిటీ ముందు, మెలీ తర్వాత. ఆట పాయింటు తీసుకోనంటే కారణం చాలాసార్లు ఇదే.

మొదటి గంట

జెఫిర్ అనే ఆకాశనౌక కూలిపోతుంది, బతికింది మీరు. చనిపోతున్న ఒక ముసలి నోమ్ (పొట్టి జాతివాడు) మీ చేతిలో ఉంగరం పెడతాడు. దాన్ని అమ్మకండి, పారేయకండి. కథంతా దాని వెంటే నడుస్తుంది. విర్జిల్ అనే యువకుడు పరుగున వచ్చి మీరు ఎవరో మహాత్ముడి పునర్జన్మ అంటాడు. అతన్ని వెంట తీసుకోండి. మంచి దెబ్బ కొడతాడు, వైద్య మంత్రం తెలుసు.

వెంటనే ఊరికి పరుగెత్తకండి. కూలిన చోట ముక్కల మధ్య పెట్టెలు, శవాలు అన్నీ వెతకండి. చుట్టూ తోడేళ్ళు, అడవి పందులు ఒక్కొక్కటిగా తిరుగుతుంటాయి. విర్జిల్‌ను దగ్గర ఉంచుకుని ఒక్కోదాన్ని పట్టండి. అక్కడే ఆర్బాలా అనే ముసలాయన ఉంటాడు, ఆయన పని చేసిపెడితే మొదటి లెవెల్స్ త్వరగా వస్తాయి.

బయటికి పోయే దారిలో ఒక అపరిచితుడు ఎదురై ఎవరైనా బతికారా అని అడుగుతాడు. ముందు సేవ్ చేయండి. నేనే బతికాను అంటే మీద పడతాడు. హంతకుడు వాడు. ఒంట్లో ప్రాణం సగమే ఉంటే అబద్ధం చెప్పి తప్పుకోండి, అందులో చిన్నతనం లేదు.

ఆ తర్వాత ష్రౌడెడ్ హిల్స్. చిన్న ఊరే కానీ ఆట గుణమంతా ఇక్కడే తెలుస్తుంది. మంత్రాల దుకాణం వాడికి ఊళ్ళోని ఆవిరి యంత్రం అంటే గిట్టదు, దాన్ని చెడగొట్టమని మిమ్మల్నే అడుగుతాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ముల్లు ఎటు ఉందో చూసి తేల్చుకోండి. రేపు ఎవరి దుకాణంలో కొనుక్కోవాలో ఆలోచించండి. డాక్ రాబర్ట్స్ బ్యాంకు దోపిడీని అడ్డుకోవడానికి సాయం అడుగుతాడు. మూడు నాలుగు లెవెల్స్ వచ్చాక ఒప్పుకోండి, ముందే వెళితే దొంగలు చంపేస్తారు. సారాయి దుకాణంలో సాగ్ మీడ్ మగ్ అనే సగం ఓగర్ కూర్చుని ఉంటాడు, వెంట వస్తానంటే కాదనకండి.

ఊరి నుంచి బయటపడాలంటే వంతెన దాటాలి. దాన్ని లూకన్ అనేవాడి ముఠా కాపలా కాస్తుంది. డబ్బు కట్టవచ్చు, మాటలతో ఒప్పించవచ్చు, కొట్టవచ్చు. పర్సుయేషన్‌లో పాయింటు ఉన్నవాళ్ళు మాటలే వాడండి. కొట్టేవాళ్ళు వంతెన మొదట్లో, సన్నటి చోట నిలబడండి. ముగ్గురూ ఒక్కసారి మీద పడే వీలుండదు. మోలటోవ్ ఉంటే రెండు సీసాలతో సగం పని అయిపోతుంది.

పోట్లాటలో తప్పులు

సెట్టింగ్స్‌లో పోరాటాన్ని టర్న్ బేస్డ్‌కు, అంటే వంతులవారీ పద్ధతికి మార్చండి. ఆగకుండా నడిచే రియల్ టైమ్‌లో ఆట మీరు చూసేలోపే అయిపోతుంది, ఎవరు చచ్చారో లాగ్ చదివి తెలుసుకోవాలి.

ఎరుపు గీత ప్రాణం, నీలం గీత అలసట. మంత్రం వేసినప్పుడల్లా నీలం తగ్గుతుంది. సున్నాకు చేరితే నిలబడ్డ చోటే సొమ్మసిల్లి పడిపోతారు, ఎదుటివాడు తీరుబడిగా కొడతాడు. మంత్రం దారి వాళ్ళు ఎక్కువగా చచ్చేది ఇలాగే. నీలం గీత మూడోవంతుకు దిగగానే వెనక్కి తగ్గి విర్జిల్‌ను ముందుకు వదలండి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ ఆటలో ఎక్స్‌పీరియన్స్ (లెవెల్ పెంచే అనుభవం) శత్రువును చంపినందుకు కాదు, మీరు కొట్టిన ప్రతి దెబ్బకూ వస్తుంది. వెంట ఉన్నవాళ్ళు కొడితే ఆ వాటా మీకు రాదు. అందుకే అయిదుగురిని వెంటేసుకుని వెనక నిలబడ్డవాడు ఎప్పటికీ ఎదగడు. వెంట ఎందరు వస్తారన్నది ఛరిస్మా (ఆకర్షణ) గుణాన్ని నాలుగుతో భాగిస్తే తెలుస్తుంది. 8 ఉంటే ఇద్దరు, 12 ఉంటే ముగ్గురు. ఆష్‌బరీలో ఒక నోమ్ కాళ్ళతో తంతున్న కుక్క కనిపిస్తుంది. దాన్ని కాపాడి వెంట తీసుకోండి. మొత్తం ఆటలో అంత గట్టిగా కొట్టే తోడు దొరకడం కష్టం.

చెత్తడబ్బాలు, దుకాణాలు

యంత్రం దారి వాళ్ళకు సరుకు ముఖ్యం. టారంట్ వీధుల్లో చెత్తడబ్బాలు తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. గుడ్డపేలికలు, ఖాళీ సీసాలు, లోహపు ముక్కలు అక్కడే దొరుకుతాయి, కొన్నాళ్ళకు మళ్ళీ నిండుతాయి. తయారీ తెరలో రెండు భాగాలూ పక్కపక్కన కనిపిస్తాయి. రెండూ మీ సంచిలో ఉంటేనే బటన్ పనిచేస్తుంది. బరువు చూసుకోండి. బలం తక్కువగా ఉన్నవాడు ఇనుప ముక్కలన్నీ మోస్తే నడక మందగిస్తుంది, పోట్లాటలో వంతు ఆలస్యంగా వస్తుంది. సరుకు సాగ్‌కు మోయించండి, అతనికి అదో లెక్క కాదు.

ఇంగ్లిష్ గురించి

ఆటంతా ఇంగ్లిష్ మాటలే, అదీ పాతకాలపు మర్యాదల ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు వెనకాడనవసరం లేదు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి ఊరికీ ఒక పేజీ కేటాయించండి. ఎవరు, ఎక్కడ, ఏం అడిగారు, ఈ మూడు తెలుగులో రాసుకుంటే చాలు. ఉదాహరణకు: "ష్రౌడెడ్ హిల్స్ — డాక్ రాబర్ట్స్ — బ్యాంకు దొంగలు — 4వ లెవెల్ తర్వాత." ఆటలో లాగ్‌బుక్ ఉంది కానీ ఎవరు చెప్పారో వెతుక్కోవడానికి అది తికమకగా ఉంటుంది. ఉంగరం మీద అక్షరాలు, వాటిని చెక్కిన టారంట్ దుకాణం పేరు మొదటి పేజీలోనే రాసుకోండి. ఎక్కడికి పోవాలో తెలియక నిలిచిపోయినప్పుడు అక్కడికే వెనక్కి వస్తారు.

బ్లాక్ మౌంటెన్ గనుల దగ్గర

టారంట్ తర్వాత కథ మిమ్మల్ని బ్లాక్ మౌంటెన్ క్లాన్ గనుల్లోకి దింపుతుంది. బెలుం గుహల్లో దారి తప్పితే ఎలా ఉంటుందో అలాంటి చోటు, అంతస్తు మీద అంతస్తు. ఇక్కడ ఓర్ గోలెములు ఉంటాయి, ముడిరాతి బొమ్మలన్న మాట. వాటిని కత్తితో కొడితే కత్తే విరుగుతుంది. దెబ్బ దెబ్బకూ ఆయుధం అరిగి, మంచి కత్తి మూడో గోలెమ్ దగ్గరే ముక్కలైపోతుంది. మీ వెంట ఉన్నవాళ్ళ ఆయుధాలూ అంతే.

కత్తి దారి వాళ్ళు లోపలికి దిగేముందు దుకాణంలో చవక ఆయుధాలు నాలుగైదు కొని గోలెముల కోసమే పక్కన పెట్టండి, మంచి కత్తిని సంచిలోనే ఉంచండి. విర్జిల్ చేతిలోనూ చవకది పెట్టండి. మంత్రం దారి వాళ్ళకు హార్మ్ చాలు, నీలం గీత నింపే మందులు మాత్రం రెట్టింపు తీసుకెళ్ళండి. యంత్రం దారి వాళ్ళు కనీసం పాతిక అగ్గిసీసాలు, పదిహేను లేపనాలు సిద్ధం చేసుకోండి. లేపనం పది కన్నా తగ్గాయంటే ఇంకా లోతుకు దిగకండి. వెనక్కి వచ్చి గింకా, కడూరా కొనుక్కుని మళ్ళీ దిగండి. గని ముఖద్వారం దగ్గర ఒక సేవ్ వేరుగా పేరు పెట్టి ఉంచి, లోపల ఎన్నిసార్లు సేవ్ చేసినా దాని మీద మాత్రం రాయకండి.